దారిలేని నేలకు ఆకాశమార్గం — జాన్ ఫ్లిన్ జీవితం

ఆస్ట్రేలియా దేశపు ఇరవై డాలర్ల నోటు మీద కళ్ళజోడు ధరించిన ఒక శాంతమూర్తి చిత్రం ముద్రింపబడి ఉన్నది. ఆ చిత్రానికి దాపుననే జంటరెక్కల పాతకాలపు విమానం ఒకటి, ఒంటె ఒకటి కనిపిస్తాయి. సాధారణంగా నోట్ల మీద రాజులకు, దేశనాయకులకు, సేనాపతులకు, మహాకవులకు చోటు దక్కుతుంది. ఈయన వారిలో ఎవరూ కారు. విమానం నడిపిన వారు కారు. వైద్యవిద్య అభ్యసించిన వారూ కారు. అయినప్పటికీ నేలమీద దారిలేని ప్రదేశాలకు ఆకాశంలో దారివేసి వైద్యుణ్ణి పంపిన ఘనత ఈయనకే చెందుతుంది. ఈయన పేరు రెవరెండు జాన్ ఫ్లిన్.

విమానయానం వలన కలిగే లాభాలను గూర్చి మనం పాఠ్యగ్రంథాలలో చదువుతూనే ఉంటాము. వాణిజ్యం పెరిగింది, తపాలా త్వరగా చేరుతున్నది, ఖండాల మధ్య దూరం తగ్గింది. ఇవన్నీ నిజమే. కాని ఆ లాభాలలో పెద్దభాగం మహానగరాలకు, టిక్కెట్టు కొనగలిగిన వారికి దక్కుతున్నది. జన్మలో ఒక్కసారైనా టిక్కెట్టు కొనని మనిషికి విమానం ఏమి మేలు చేసింది అన్న ప్రశ్న వేసుకొన్నప్పుడు మాకు తట్టిన జీవితం ఇది. మా విద్యార్థి సోదరసోదరీమణులలో చాలామందికి ఈ పేరు కొత్తది కావచ్చునని తలచి, కొంత వివరంగానే వ్రాస్తున్నాము.

ఫ్లిన్ 1880వ సంవత్సరం నవంబరు 25వ తేదీన విక్టోరియా రాష్ట్రంలోని మొలియాగుల్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి బడిపంతులు. మూడేండ్లైనా నిండకముందే తల్లి గతించింది. చదువులో రాణించినా విశ్వవిద్యాలయంలో చేరడానికి ఇంట్లో ధనం లేకపోయింది. అందుచేత కొంతకాలం పాఠశాలలో ఉపాధ్యాయునిగా పనిచేశారు. ఆ రోజులలోనే ఆయనకు రెండు విషయాల మీద మక్కువ కుదిరింది: ఒకటి ఫోటోగ్రఫీ, రెండవది ప్రథమచికిత్స. మతాచార్యుడు కాదలచిన యువకునికి ఇవి రెండూ అక్కరలేని విద్యలుగా తోచవచ్చు. తరువాతి కాలంలో ఈ రెండింటితోనే ఆయన దేశాన్ని కదిలించారు.

ప్రెస్బిటీరియన్ చర్చి తరఫున వేదాంతవిద్య అభ్యసిస్తూ, మధ్యమధ్య గొర్రెల ఉన్నిని కత్తిరించే కూలీల శిబిరాలకు వెళ్ళివస్తూ ఉండేవారు. అక్కడి మనుషులకు ఏమి కావాలో చూచి 1910లో బుష్‌మన్స్ కంపానియన్ అనే చిన్న పుస్తకం ప్రకటించారు. ఎముక విరిగితే కట్టుకట్టడం, వీలునామా వ్రాయడం, మతగురువు అందుబాటులో లేనప్పుడు చనిపోయిన వానిని మర్యాదగా ఖననం చేయడం వంటి సంగతులు అందులో ఉన్నాయి. పుస్తకంలో ఏమేమి చేర్చారో చూస్తేనే ఆ ప్రాంతపు బ్రతుకు ఎటువంటిదో తెలుస్తున్నది. వైద్యుడూ, వకీలూ, మతగురువూ ముగ్గురూ లేని చోట ఒక జేబుపుస్తకమే దిక్కు.

1911లో ఆచార్యపదవి స్వీకరించి, దక్షిణ ఆస్ట్రేలియాలోని బెల్టానా అనే ఎడారి ఊరిని తన సేవాకేంద్రంగా ఎంచుకొన్నారు. మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఈ ఊరి చరిత్రలో ఉన్నది. 1866లో ఒక భూస్వామి కరాచీ నుండి నూటికి పైగా ఒంటెలను, వాటిని తోలే మనుషులను ఓడలో రప్పించి బెల్టానాలో ఒంటెల పెంపకం ప్రారంభించాడు. ఆ ఒంటెవాళ్ళు ఆఫ్ఘనిస్థాన్, బెలూచిస్థాన్, సింధు, పంజాబు ప్రాంతాల ముస్లింలు. రైలు, మోటారు చేరని నడిమి ఎడారికి పిండి, పంచదార, టెలిగ్రాఫు తీగెలు, తపాలాసంచులు మోసుకొని పోయినది వారి ఒంటెలే. ఊళ్ళ అంచున రేకులతో, మట్టితో చిన్న మసీదులు కట్టుకొని వారు జీవించారు. అడిలైడ్ నగరంలో వారు పందొమ్మిదవ శతాబ్దం చివర నిర్మించిన మసీదు నేటికీ నిలిచి ఉన్నది. ఫ్లిన్ పంపిన తొలి సంచార ఆచార్యులు ప్రయాణం చేసింది కూడా ఒంటెల మీదనే. అంటే ఆకాశమార్గం ఏర్పడక పూర్వం ఆ దేశపు హృదయానికి దారి చూపిన వారిలో మన ఉపఖండపు వారు ఉన్నారన్నమాట. నోటు మీది ఒంటె కేవలం అలంకారం కోసం చేరలేదు.

1912లో చర్చి పెద్దలు ఫ్లిన్‌ను ఉత్తర ప్రాంతానికి పంపి, అక్కడి ప్రజల స్థితిగతులను గూర్చి నివేదిక కోరారు. ఆయన ఇచ్చిన నివేదికను అనుసరించి అదే ఏడు సెప్టెంబరులో ఆస్ట్రేలియన్ ఇన్‌లాండ్ మిషన్ ఏర్పడింది. దానికి ఆయననే అధ్యక్షునిగా నియమించారు. ముప్పది రెండవ యేట చేపట్టిన ఆ బాధ్యతను మరణించేవరకు, అనగా ముప్పది తొమ్మిది సంవత్సరాలు నిర్వహించారు.

ఆ ప్రాంతపు విస్తీర్ణం ఊహకు అందాలంటే కొంచెం లెక్క చూడవలసి ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు ఒక డాక్టరు, ఉత్తర ప్రాంతంలో పదిహేను లక్షల చదరపు కిలోమీటర్లకు మరొక డాక్టరు. ఈ రెండూ కలిపితే మన భారతదేశంలో సగానికి మించిన భూమి అవుతుంది. అంత నేలకు ఇద్దరే వైద్యులు! పశువుల మందలను పోషించే క్షేత్రాలను అక్కడ స్టేషన్లు అంటారు. ఒక స్టేషనుకు పొరుగు స్టేషను యాభై మైళ్ళో, నూరు మైళ్ళో ఉంటుంది. గుర్రం మీది నుండి పడి కాలు విరిగినవాడు, ప్రసవం కష్టమైన తల్లి, అపెండిసైటిస్ వచ్చిన పసివాడు — వీరిని చంపేది జబ్బు కన్న దూరమే. ఫ్లిన్ ఈ సంగతిని స్పష్టంగా గ్రహించారు. ఏకాంతంలో బ్రతికే ఆ మనుషులందరి మీద రక్షణ అనే ఒక చాదరు కప్పాలన్నది ఆయన జీవితసంకల్పం అయింది.

మొదట ఆయన నర్సులను పంపారు. దూరపు ఊళ్ళలో చిన్న వైద్యగృహాలు కట్టించి, ఒక్కొక్క చోట ఇద్దరేసి నర్సులను రెండేసి సంవత్సరాల గడువుతో నియమించారు. నగరజీవితం వదలి, దుమ్ములోను, ఎండలోను ఒంటరిగా పనిచేసిన ఆ స్త్రీల పేర్లు నోట్లమీద లేవు. ఫ్లిన్ కీర్తిలో సగం వారిదని మా అభిప్రాయం. ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1926లో తెరిచిన అడిలైడ్ హౌస్ అనే వైద్యగృహానికి ఫ్లిన్ స్వయంగా నమూనా గీశారు. నేలమాళిగలో తడిపిన గోనెల గుండా గాలిని లోనికి రప్పించి, వేడిగాలి పైకప్పు నుండి బయటికి పోయే ఏర్పాటు చేశారు. మన ఇళ్ళలో వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లే పద్ధతి వంటిదే అది.

అయితే నర్సు ఉన్న ఊరు కూడా రోగికి రెండు మూడు వందల మైళ్ళ దూరంలో ఉంటే ఏమి లాభం? ఈ ప్రశ్నను దేశప్రజలందరి కళ్ళముందు నిలిపిన దుర్ఘటన 1917లో జరిగింది.

పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసన హాల్స్ క్రీక్ అనే కుగ్రామం ఉన్నది. అక్కడికి చాలా మైళ్ళ దూరంలో జిమ్మీ డార్సీ అనే పశుపాలకుడు గుర్రం మీది నుండి పడి లోపల తీవ్రమైన గాయం తగిలించుకొన్నాడు. స్నేహితులు అతణ్ణి బండిలో గంటల తరబడి మోసుకొచ్చి హాల్స్ క్రీక్ చేర్చారు. ఊరిలో డాక్టరు లేడు, నర్సు లేదు. ప్రథమచికిత్స కొంచెం నేర్చిన టకెట్ అనే పోస్టుమాస్టరు మాత్రం ఉన్నాడు. సమీపపు డాక్టర్ల కోసం తంతి కొట్టగా ఎవరూ దొరకలేదు. చివరకు సుమారు 3,700 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెర్త్ నగరంలోని డాక్టర్ హాలండ్‌తో టెలిగ్రాఫు కలిసింది. మూత్రాశయం చిట్లిందని నిర్ణయించిన డాక్టరు, వెంటనే శస్త్రచికిత్స చేయవలసిందని ఆదేశించాడు. మత్తుమందు లేదు, పరికరాలు లేవు. ఉన్నదల్లా జేబుకత్తి, పొటాషియం పర్మాంగనేటు. పోస్టుమాస్టరు మోర్సు సంకేతాలలో ఒక్కొక్క వాక్యం అందుకొంటూ, ఒక్కొక్క కోత కోస్తూ, గంటల తరబడి ఆ పని పూర్తిచేశాడు. తాను కోసేది తన స్నేహితుణ్ణే.

డాక్టర్ హాలండ్ పశువుల ఓడ ఎక్కి డెర్బీ రేవుకు చేరి, అక్కడి నుండి మోటారుకారులో ఎడారి దాటి హాల్స్ క్రీక్‌కు వచ్చాడు. ఆ ప్రయాణానికి పది దినాలకు పైగా పట్టింది. వచ్చేసరికి డార్సీ చనిపోయి ఒక రోజు అయింది. పోస్టుమాస్టరు చేసిన చికిత్స వలన మరణం సంభవించలేదు. మలేరియా, లోపలి మరొక వ్రణం కలిసి ప్రాణం తీశాయి. తంతి క్షణాలలో చేరింది, వైద్యుడు చేరలేకపోయాడు. దేశంలోని పత్రికలు ప్రతిదినం ఆ వార్తను ప్రకటించడం వలన, నగరాల్లో సుఖంగా బ్రతుకుతున్న వారికి తమ దేశపు నడిబొడ్డు ఎట్లా ఉన్నదో మొదటిసారి తెలిసివచ్చింది.

అదే ఏడు నవంబరులో ఫ్లిన్‌కు ఒక ఉత్తరం అందింది. వ్రాసినది క్లిఫర్డ్ పీల్ అనే విక్టోరియా యువకుడు. వైమానిక దళంలో లెఫ్టినెంటుగా చేరి మహాయుద్ధానికి వెళుతున్న వాడు. యుద్ధం కోసం నేర్చిన విమానవిద్యను ఎడారిలోని రోగుల కోసం వినియోగించవచ్చునని అతనికి తోచింది. ఉత్తరంలో కేవలం భావావేశం లేదు. ఏ ఊళ్ళను స్థావరాలుగా ఎన్నుకోవాలి, ఎంత దూరం ఎగరాలి, ఎంత ఖర్చు అవుతుంది అని లెక్కలు కట్టి పంపాడు. ఊడ్నడాటా, క్లాంకరీ, కాథరిన్ అనే మూడు ఊళ్ళను సూచించాడు. ఫ్లిన్ తాను నడిపే ఇన్‌లాండర్ పత్రికలో 1918 అక్టోబరులో దానిని ప్రచురించారు. అప్పటికే, 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు గగనతలంలో పీల్ అమరుడైనాడు. తన ఆలోచన ఆచరణలోకి వచ్చిందన్న సంగతి ఆ యువకునికి ఎన్నడూ తెలియలేదు.

ఉత్తరం అందిన నాటికీ మొదటి విమానం లేచిన నాటికీ మధ్య పది సంవత్సరాలకు పైగా గడిచాయి. మామూలు జీవితచరిత్రలలో ఇటువంటి సంవత్సరాలను ఒక్క వాక్యంలో దాటిపోతారు. కాని ఫ్లిన్ గొప్పతనం ఆ సంవత్సరాలలోనే ఉన్నదని మేము భావిస్తున్నాము. ఆనాటి విమానాలు గుడ్డ కప్పిన చట్రాలు. ఎప్పుడు కూలుతాయో తెలియని వాహనాలు. రోగిని వాటిలో ఎక్కించడం కన్న గుర్రపుబండిలో ఎక్కించడమే క్షేమమని నమ్మేవారు చాలామంది. ఫ్లిన్ ఊరూరా తిరిగి తాను తీసిన ఫోటోలతో తన పత్రికను నింపి నగరవాసులకు పంపారు. ఉపన్యాసాలిచ్చారు. ధనవంతుల ఇండ్లకు వెళ్ళారు. కోతయంత్రాల కర్మాగారంతో విఖ్యాతుడైన హ్యూ విక్టర్ మెకే అనే పారిశ్రామికవేత్త 1926లో మరణిస్తూ, ఈ ప్రయత్నానికి 2,000 పౌనులు వీలునామాలో వ్రాసిపెట్టాడు. దానితో నిధికి ఊపిరి వచ్చింది.

ధనం ఒక్కటే అడ్డంకి కాదు. విమానం ఉన్నదనుకొందాం, వైద్యుడు సిద్ధంగా ఉన్నాడనుకొందాం. రెండు వందల మైళ్ళ దూరంలోని స్టేషనులో మనిషి చావుబ్రతుకుల్లో ఉన్నాడన్న సంగతి వైద్యునికి తెలిసేదెట్లా? టెలిగ్రాఫు తీగె పోయే దారిలో ఉన్న ఊళ్ళు వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినవి. వైర్‌లెస్ యంత్రాలు ఉన్నవిగాని అవి బరువైనవి, వెల ఎక్కువ, విద్యుత్తు కావలసినవి. ఎడారిలో విద్యుత్తు ఎక్కడిది? బ్యాటరీలు త్వరగా ఖర్చయిపోతాయి. పిలుపు లేని విమానం రెక్కలున్న బొమ్మ మాత్రమే.

ఈ చిక్కుముడి విప్పినవాడు అడిలైడ్ నగరపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ట్రేగర్. ఫ్లిన్ అతణ్ణి వెంటబెట్టుకొని ఎడారిలో ప్రయోగాలు సాగించారు. చేతితో త్రిప్పే డైనమో పెట్టి చూశారు. త్రిప్పేవాడే సంకేతాలు కొట్టవలసి వచ్చేసరికి అది కుదరలేదు. చివరకు ట్రేగర్ సైకిలు పెడళ్ళను డైనమోకు బిగించాడు. కూర్చున్న మనిషి కాళ్ళతో త్రొక్కుతూ విద్యుత్తు పుట్టిస్తాడు. చేతులు ఖాళీ, వాటితో మోర్సు కొట్టవచ్చు. 1929లో క్వీన్స్‌లాండ్‌లోని స్టేషన్లకు ఈ పెడల్ వైర్‌లెస్ యంత్రాలు చేరసాగాయి. మోర్సు రానివారి కోసం ట్రేగర్ తరువాత టైపురైటరు వంటి మీటలను తయారుచేశాడు. అక్షరం నొక్కితే సంకేతం దానంతటదే పోతుంది. కొన్నాళ్ళకు గొంతుతోనే మాట్లాడే యంత్రాలు వచ్చాయి. దీపాల కాంతిలో కుట్టుపని చేసుకొనే ఇల్లాలు కుట్టుమిషను త్రొక్కినంత సులభంగా డాక్టరుతో మాట్లాడగలిగింది.

ఇక విమానం సంగతి. క్వీన్స్‌లాండ్‌లో క్వాంటాస్ అనే చిన్న వైమానిక సంస్థ 1922 నుండి క్లాంకరీ వరకు తపాలా విమానాలు నడుపుతున్నది. నేడు ఖండాంతరాలు దాటే క్వాంటాస్ ఆనాడు అంత చిన్నది. పైలట్లు, మరమ్మతు చేసేవారు, దిగే చోట్లు అప్పటికే ఉన్నందువలన ఫ్లిన్ క్లాంకరీని ఎన్నుకొన్నారు. సంస్థ నిర్వాహకుడు హడ్సన్ ఫిష్‌తో ఒడంబడిక కుదిరింది. విమానం వారిది, పైలట్ వారివాడు. ఎగిరిన ప్రతి మైలుకు రెండు షిల్లింగులు బాడుగ. తపాలా కోసం వేసిన దారినే వైద్యం కూడా నడిచిందన్నమాట. ఈ సంగతిని అభివృద్ధిశాస్త్రం చదివే మా విద్యార్థులు గమనించాలి: ఒక అవసరానికి ఏర్పడిన సాధనం వేరొక అవసరానికి అక్కరకు వచ్చింది. వైద్యసేవ కోసమే మొదటి నుండి అన్నీ కొనవలసి వస్తే ఆ ప్రయోగం మొదలయ్యేదే కాదు.

విమానానికి విక్టరీ అని పేరు పెట్టారు. అది డీ హావిలాండ్ డి.హెచ్.50 రకం. ఒకే ఇంజను, జంటరెక్కలు, గంటకు 80 మైళ్ళ వేగం. డాక్టరు, రోగి లోపలి గదిలో కూర్చుంటారు. పైలట్ మాత్రం వెనుక కప్పులేని చోట ఎండకు, గాలికి ఎదురుగా కూర్చోవాలి. 1928 మే 17వ తేదీన పైలట్ ఆర్థర్ అఫ్లెక్, సిడ్నీ నుండి వచ్చిన శస్త్రవైద్యుడు డాక్టర్ కెన్యన్ సెయింట్ విన్సెంట్ వెల్చ్ క్లాంకరీ నుండి లేచి 85 మైళ్ళ దూరంలోని జూలియా క్రీక్‌లో దిగారు. అక్కడ నూరుమందికి పైగా జనం వారికోసం ఎదురుచూస్తున్నారు. డార్సీ కోసం డాక్టర్ హాలండ్ చేసిన ప్రయాణాన్ని తలచుకొంటే, ఈ గంటసేపు ప్రయాణపు విలువ అర్థమవుతుంది.

అఫ్లెక్‌కు దారిచూపే యంత్రాలు లేవు, విమానంలో రేడియో లేదు. మంచి పటం కూడా లేదు. నదుల వంపులు, కంచెలు, టెలిగ్రాఫు స్తంభాల వరుస, బండ్ల జాడలు — వీటిని చూచుకొంటూ ఎగిరేవాడు. దిగవలసిన చోట పొదలు నరికి చదును చేసే బాధ్యత స్టేషను వారిదే. మొదటి సంవత్సరంలో 50 సార్లు ఎగిరి, 26 చోట్ల దిగి, 225 మంది రోగులకు చికిత్స చేశారు. ఈ అంకె పెద్దదిగా కనిపించకపోవచ్చు. ఆ 225 మందిలో ప్రతివారూ అంతకు ముందటి సంవత్సరమైతే బండిమీద దినాల తరబడి కుదుపులు తినవలసినవారే, లేదా ఇంటివద్దనే అదృష్టాన్ని నమ్ముకొని పడి ఉండవలసినవారే. అది ఒక్క ఏడాది ప్రయోగంగా మొదలైంది. పిమ్మట లోకమంతటా ఆర్థికమాంద్యం వచ్చినా ఆగలేదు.

వైర్‌లెస్, విమానం కలిసిన తరువాత ఎడారి బ్రతుకులో కలిగిన మార్పు వైద్యంతో ఆగలేదు. ప్రతి స్టేషనుకు ఒక మందులపెట్టె ఇచ్చారు. అందులో ప్రతి మందుకు ఒక అంకె. డాక్టరు రేడియోలో ఫలానా అంకె గల మాత్ర ఇవ్వమని చెబితే చాలు. లాటిన్ పేర్లతో పని లేదు. మనిషి శరీరపు బొమ్మను అంకెలతో విభజించిన పటం ఒకటి గోడకు తగిలించి ఉండేది. నొప్పి ఏ అంక్యంలో ఉన్నదో చెబితే డాక్టరుకు బోధపడేది. దీనివలన విమానం లేవవలసిన అవసరమే తగ్గింది. నిజమైన అత్యవసరానికే విమానం, తక్కినదానికి మాటసాయం — ఇంత పొదుపుగా నడిచినందుననే ఆ సేవ నిలిచింది.

వైద్యపు పిలుపులు ముగిసిన తరువాత ఆ రేడియో మీదనే స్టేషన్లలోని స్త్రీలు ఒకరితో ఒకరు ముచ్చటించుకొనేవారు. గోలచేసే గాలా అనే గులాబీరంగు చిలుకల పేరుమీద ఆ సమయానికి గాలా గోష్ఠి అని పేరుపడింది. పేరులో పరిహాసం ఉన్నా, నెలల తరబడి మరొక స్త్రీ గొంతు వినని ఇల్లాలికి అది ఎంత ఊరటో మనం ఊహించుకోవచ్చు. భర్త పశువుల వెంట వెళ్ళినప్పుడు బిడ్డలతో ఒంటరిగా ఉండే తల్లులు భయం లేకుండా నిలవగలిగారు. కుటుంబాలు నిలిస్తే ఊళ్ళు నిలుస్తాయి. ఆ ప్రాంతంలో రహదారి కంటె ముందు విమానం, బడి కంటె ముందు వైర్‌లెస్ వచ్చాయి.

ఫ్లిన్ చేసిన పనులలో మాకు అన్నింటికంటె మెచ్చదగినదిగా తోచినది వేరొకటి ఉన్నది. ఈ సేవ క్లాంకరీలో జయప్రదమైన పిమ్మట దానిని దేశమంతటికీ విస్తరింపజేయాలంటే ఒక్క చర్చికి శక్తి చాలదని ఆయన గుర్తించారు. తన చేతులతో పెంచిన సంస్థను తన మతసంస్థ పేరుతోనే ఉంచుకోవాలని పట్టుపట్టలేదు. 1934 నుండి దానిని మతంతో సంబంధం లేని జాతీయ సంస్థగా మార్చి, రాష్ట్రాలవారీ శాఖలకు అప్పగించడానికి అంగీకరించారు. విండం, పోర్ట్ హెడ్లాండ్, బ్రోకెన్ హిల్, ఆలిస్ స్ప్రింగ్స్ వంటి చోట్ల స్థావరాలు వెలిశాయి. ఈ సేవకు 1942లో ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ అనే పేరు, 1955లో రాయల్ అనే బిరుదు లభించాయి. నేడు ఆ సంస్థకు ఇరవైకి పైగా స్థావరాలు ఉన్నాయి. రోగి ఏ మతస్థుడని అడిగే ఆచారం మొదటినుండీ లేదు. సంఘాలను, కమిటీలను నడిపే పెద్దలకు తాము పెంచిన దానిని పరుల చేతికి ఇవ్వడం ఎంత కష్టమో తెలియనిది కాదు.

వ్యక్తిగా ఫ్లిన్ మృదుభాషి, తొందరలేని మనిషి. నిప్పుదగ్గర కూర్చొని పశుపాలకులతో గంటల తరబడి మాట్లాడేవారు. ఎడారి ప్రయాణంలోనే ఎక్కువ కాలం గడిపారు. 1932లో, యాభై దాటిన తరువాత, తన కార్యాలయంలో కార్యదర్శినిగా ఉన్న జీన్ బెయిర్డ్‌ను వివాహమాడారు. 1939లో చర్చిలో అత్యున్నత పదవి ఆయనకు లభించింది.

ఇంతవరకు వ్రాసినది చదివి, ఫ్లిన్ కప్పిన చాదరు ఎడారిలోని వారందరి మీదా పరచుకొన్నదని పాఠకులు అనుకోవచ్చు. ఆ మాట వాస్తవం కాదు. ఆ నేలకు వేల సంవత్సరాలుగా యజమానులైన ఆదివాసులను గూర్చి ఇన్‌లాండ్ మిషన్ ఆలోచించినది చాలా తక్కువ. ఆదివాసుల సేవ వేరొక శాఖ పని అని చర్చి విభజించి పెట్టింది. మిషన్ దృష్టి అంతా వలసవచ్చిన శ్వేతజాతి కుటుంబాల మీదనే నిలిచింది. అడిలైడ్ నగరపు శస్త్రవైద్యుడు, అదే చర్చికి చెందిన డాక్టర్ చార్లెస్ డుగిడ్ ఈ విషయమై ఫ్లిన్‌ను బహిరంగంగానే విమర్శించారు. డుగిడ్ కృషితో 1937లో ఎర్నబెల్లా అనే చోట ఆదివాసుల కోసం ప్రత్యేకకేంద్రం వెలసింది. కొందరు జీవితకారులు ఆ కాలపు భావాలు అటువంటివి అని సమాధానం చెబుతారు. ఆ సమాధానం మాకు తృప్తి కలిగించడం లేదు. అదే కాలంలో, అదే చర్చిలో ఉన్న డుగిడ్‌కు కనిపించినది ఫ్లిన్‌కు కనిపించకపోవడానికి కాలాన్ని నిందించి లాభమేమి? దూరాన్ని అంత సూక్ష్మంగా చూచిన కన్ను, దగ్గరున్న మనిషిని సరిగా చూడలేకపోయింది. ఆయన కట్టిన సేవ మాత్రం ఆయన చూపు కంటె విశాలంగా ఎదిగింది. ఆదివాసుల ఊళ్ళలో వైద్యశిబిరాలు నడపడం నేడు ఆ విమానాల ముఖ్యమైన పనులలో ఒకటి.

1951 మే 5వ తేదీన ఫ్లిన్ సిడ్నీలో పరమపదించారు. నెల రోజులు దాటిన తరువాత, జూన్ 8వ తేదీన, ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆకాశవాణి పాఠశాల లాంఛనంగా ప్రారంభమైంది. అడిలైడ్ మీత్కే అనే విద్యావేత్త ఊహించిన ఆ బడిలో, పెడల్ రేడియో దగ్గర కూర్చున్న పిల్లలు వందల మైళ్ళ దూరంలోని పంతులమ్మ పాఠం విని, తిరిగి జవాబు చెప్పేవారు. వైద్యం కోసం నాటిన తీగెలేని తంతి మీదనే చదువు కూడా చేరింది.

ఆయన అస్థికలను ఆలిస్ స్ప్రింగ్స్ చేరువలో గిల్లెన్ కొండ పాదాన నిక్షేపించారు. సమాధి మీద ఒక పెద్ద గుండ్రాయి ఉంచితే బాగుంటుందని తలచిన అభిమానులు, ఉత్తరాన చాలా దూరంలో ఉన్న కర్లు కర్లు అనే చోటినుండి ఒక రాయిని తెచ్చి నిలిపారు. అక్కడి గుండ్రాళ్ళను ఆంగ్లంలో డెవిల్స్ మార్బుల్స్ అని పిలిచేవారు. అవి వారుముంగు, కైటెట్యా తెగల ఆదివాసులకు పవిత్రమైనవి. తెచ్చినవారు అనుమతి అడగలేదు. సంవత్సరాల తరబడి ఆ తెగలవారు తమ రాయిని తిరిగి ఇమ్మని కోరుతూ వచ్చారు. 1999లో ఆ రాయిని బండిమీద ఎక్కించి దాని చోటికి దానిని చేర్చారు. ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతానికి యజమానులైన అరెర్న్‌టె తెగవారు తమ నేల నుండి మరొక గుండ్రాయిని ఇష్టపూర్వకంగా ఇచ్చారు. ఫ్లిన్ సమాధి మీద నేడు ఉన్నది ఆ రాయి.